బొమ్మ నిలిచేది బండ మీద!

కాలేజీ వీడ్కోలు సభకి, క్రికెట్ టోర్నమెంటుకి, వినాయక చవితి కమిటీకి, ఆఖరికి పెళ్లిలో "మగపెళ్లివారు" అని వీపు మీద రాయించుకోవడానికి కూడా టీ షర్టులు ప్రింటు చేయించుకునే రోజులివి. మీ ఇంట్లో కూడా అలాంటివి ఒకటో రెండో ఉండే ఉంటాయి. ఒక్కసారి బీరువా తెరిచి చూడండి. బొమ్మ పెచ్చులు ఊడిందా? అక్షరాల అంచులు లేచాయా? ముట్టుకుంటే జిగురుగా వేళ్లకి అంటుకుంటోందా? అయితే ఈ కబుర్లు మీకోసమే!

మాది అనంతపురం. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, స్కూలు యూనిఫారాలు... ఇదీ నా పని. ప్రింటింగ్ నా పని కాదు. కానీ గుడ్డకి సంబంధించిన ఏ సందేహం వచ్చినా ఊళ్లో వాళ్లు ముందు టైలరు గుమ్మమే ఎక్కుతారు కదా! కిందటేడు ఎండాకాలంలో అలాగే కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి పొదుపు సంఘం ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్ల ఊరి హైస్కూల్లో ఆడపిల్లలవి రెండు జట్లు ఉన్నాయి. ఖోఖోకి పన్నెండు మంది, కబడ్డీకి పన్నెండు మంది. మొత్తం ఇరవై నాలుగు చొక్కాలు కావాలి. తల్లులు తలా 250 రూపాయలు వేసుకుని ఆరు వేలు చేశారు. చొక్కా, దాని మీద ప్రింటు, అన్నీ అందులోనే.

"ఈ తూరి కూడా శెనక్కాయ చేతికి రాలేదక్కా. కూలికి పోయిన దుడ్లు ఇవి. రెండేండ్లన్నా రావల్ల, అట్లాంటిది చూడు" అంది వాళ్లలో పెద్దామె, నోట్లు లెక్కపెట్టి నా కుట్టు మిషన్ మీద పెడుతూ.

ఆ మాట విన్నాక మనసు ఊరుకుంటుందా చెప్పండి. మన జిల్లా సంగతి మీకు చెప్పాలా! దేశంలో వాన అతి తక్కువగా కురిసే జిల్లాల్లో మనదొకటి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే అదే పదివేలు. ఆ వాన కూడా కాయ ఊరే టైముకి ముఖం చాటేస్తే వేరుశనగ వేసిన రైతు కుదేలే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన 250 రూపాయలు నాలుగు ఉతుకుల్లో పెచ్చులై రాలిపోకూడదు!

వాళ్ల వెంట వచ్చిన డ్రిల్లు మాస్టారు సెల్ ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. పరిగెత్తే అమ్మాయి, వెనక ఉదయిస్తున్న సూర్యుడు, చుట్టూ స్కూలు పేరు. నాలుగు రంగులు. వీపు మీద ప్రతి పిల్ల పేరు, నంబరు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. "తెల్ల చొక్కా మీద వేయిస్తే ధగధగలాడిపోతుందమ్మా" అన్నారు. "తెల్లదా! మా నేల సంగతి తెల్దా సారూ?" అని ఆడవాళ్లు నలుగురూ ఒక్కసారే నవ్వారు. ఎర్రనేలలో ఖోఖో ఆడి పడిలేచిన పిల్లల బట్టలు ఉతికేది వాళ్లు కదా మరి!

ఇంతకీ టీ షర్టు మీద బొమ్మ వేయడానికి ఎన్ని దారులున్నాయో తెలుసా? షాపులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పి కంగారు పెడతారు. పేర్లు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: రంగు గుడ్డలోకి దిగుతోందా, గుడ్డ మీద కూర్చుంటోందా? సగం సంగతి అందులోనే తేలిపోతుంది.

గుడ్డ మీద బొమ్మ నిలబెట్టడం మనవాళ్లకి కొత్తేం కాదు సుమండీ. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. రంగు పట్టడానికి కరక్కాయ, గీత పక్కకి పాకకుండా పాలు. పాత ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరేసి నలుపు తీస్తారు. ఎరుపు నిలవడానికి పటిక పెడతారు. ఆ తర్వాత పారే నీళ్లలో జాడిస్తారు. అందుకే ఆ పనికి స్వర్ణముఖి ఒడ్డు కావాల్సి వచ్చింది. రంగు పోగులోకి దిగిపోతుంది గనక పెచ్చులూడ్డం అనే మాటే రాదు. వెలిస్తే వెలుస్తుంది, అంతే.

ఈ రోజుల్లో అలా లోపలికి దిగే పద్ధతి సబ్లిమేషన్. కాగితం మీద ప్రత్యేకమైన రంగుతో అచ్చు వేసి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడిలో ప్రెస్సు చేస్తారు. కర్పూరం ఎలా ఆవిరవుతుందో అలా రంగు ఆవిరై పోగులో ఇంకిపోతుంది. క్రికెట్ జెర్సీల మీద రంగురంగుల గీతలన్నీ ఇలా వేసినవే. చేత్తో తడిమితే బొమ్మ ఉన్నట్టే తెలియదు. ఎన్ని ఉతుకులైనా చెక్కు చెదరదు. మరింకేం, అదే వేయించేద్దాం అంటారా? ఆగండి! అది పాలిస్టరుకే పడుతుంది, కాటనుకి పట్టదు. పైగా లేతరంగు గుడ్డ కావాలి. ముదురు రంగు మీద కనబడదు. కాటన్ చొక్కాకి సబ్లిమేషన్ చేసిస్తామని ఎవరైనా అంటే "మధ్యలో ఏం పూత వేస్తారు నాయనా?" అని అడగండి.

మిగిలినవన్నీ గుడ్డ మీద కూర్చునేవే. అయితే కూర్చోవడంలో తేడాలున్నాయి. స్క్రీన్ ప్రింటింగులో పిగ్మెంట్ రంగు వేస్తే పలచగా పోగుల్ని పట్టుకుంటుంది. ముదురు గుడ్డ మీద తెల్ల అక్షరాలు రావాలంటే చిక్కటి తెల్ల ముద్ద వాడతారు. దాన్ని అచ్చువాళ్లు ఖాదీ ప్రింటు అంటారు. ఖద్దరు గుడ్డకీ దానికీ సంబంధం లేదు, కంగారు పడకండి. ఇంకా దళసరిగా, సాగే పొరలా ఉండాలంటే రబ్బరు ప్రింటు, ప్లాస్టిసాల్ అని ఉన్నాయి. రెండూ ఒకటి కావు గానీ, చేతికి మాత్రం రెండూ పొరలాగే తగులుతాయి.

ఇక అతికించేవి. వినైల్ అంటే రంగు రేకుని మిషన్ మీద అక్షరాల ఆకారంలో కత్తిరించి వేడితో అంటిస్తారు. పేర్లకీ నంబర్లకీ ఎక్కువగా ఇదే వాడతారు. డీటీఎఫ్ అని కొత్తది ఊరూరా వచ్చేసింది. ఫిల్మ్ మీద బొమ్మ అచ్చు వేసి, జిగురు పొడి చల్లి కరిగించి, చొక్కా మీద పెట్టి వేడి ప్రెస్సు కొడతారు. కాటనుకైనా పాలిస్టరుకైనా, తెలుపుకైనా నలుపుకైనా పడుతుంది. ఎన్ని రంగులున్నా అదే ఖర్చు, ఒక్క చొక్కాకైనా వేసిస్తారు. చంటిపిల్లాడి పుట్టినరోజుకి ఫొటోతో ఒకటి కావాలంటే ఇంతకంటే సులువు లేదు. కాగితం వాడకుండా నేరుగా చొక్కా మీదే అచ్చు వేసే డీటీజీ మిషన్లూ ఉన్నాయి. మెత్తగా బాగానే ఉంటుంది గానీ ఖరీదైన యంత్రం.

పేర్లయితే తెలిశాయి. ఏది నిలుస్తుందో ఎవరు చెప్పాలి? అచ్చువేసే అబ్బాయిని అడిగితే "గ్యారంటీ మేడం" అంటాడు. గ్యారంటీ ఇవ్వాల్సింది అతను కాదు, మన ఇంటి వెనక బట్టలుతికే బండ!

నవ్వకండి. ప్యాకెట్ల మీద రాసే ఉతుకుడు సూచనలు చూశారా? "చల్లని నీళ్లలో, మిషన్లో, మెల్లగా" అని ఉంటుంది. మన పల్లెలో వచ్చేది ఎన్నో వందల అడుగుల లోతు బోరు నీళ్లు. వాటిలో సున్నపు లవణాలు దండిగా ఉంటాయి. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది గానీ నురగ రాదు. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. మురికి పోలేదని బ్రష్షు పెడతాం. అప్పటికీ ఎర్రమన్ను వదలకపోతే బండకేసి నాలుగు బాదుతాం. ఆ తర్వాత ఎర్రటి ఎండలో తీగ మీద పడేస్తాం. ఇంత శిక్షకి తట్టుకోవాలి ఆ బొమ్మ!

అందుకే ఒక పని చేశాను. తెలిసిన షాపుల్లో అడిగి ఐదు రకాల ప్రింట్లూ ముక్కల మీద వేయించాను. నాలుగు కాటన్ బనీను గుడ్డ మీద, సబ్లిమేషన్ మాత్రం పాలిస్టరు మీద. అన్నిటినీ మా ఇంటి ఉతుకులో కలిపేశాను. మా తోటికోడలి చెయ్యి బరువు. ఆవిడ దుప్పటి ఉతికితే వీధి చివరికి వినబడుతుంది! "ఇవి జాగ్రత్తగా ఉతకనా?" అని అడిగింది. "వద్దు తల్లీ, నీ ఇష్టమొచ్చినట్టు ఉతుకు" అన్నాను. ఇరవై ఉతుకులు లెక్కపెట్టాం.

ముందు లొంగింది వినైల్. మధ్యలో బాగానే ఉంది, బ్రష్షు తగిలిన మొనల దగ్గర లేచింది. ఒకసారి మొన లేచిందంటే పిల్లలు గోటితో పీకకుండా ఉంటారా! డీటీఎఫ్ ముక్క పది దాటేదాకా కొత్తదిలాగే ఉంది, ఆ తర్వాత మడత పడే చోట సన్నటి గీతలు వచ్చాయి. మంచి సరుకుతో, సరైన వేడితో వేస్తే ఇంకా ఎక్కువే ఉంటుందంటారు, కాదనను. రబ్బరు ప్రింటు ఇరవై దాకా వచ్చింది గానీ మెరుపు పోయింది. ఖాదీ తెలుపు కాస్త మాసింది, పెచ్చు మాత్రం ఊడలేదు. సబ్లిమేషన్ సంగతి చెప్పక్కర్లేదు, ఉతికామా లేదా అన్నట్టుంది. ఇది మా ఒక్క బండ మీద తేలిన లెక్క సుమా. మీ ఇంట్లో మంచి నీళ్లూ, వాషింగ్ మిషనూ ఉంటే లెక్క మారుతుంది.

బాదుడుకి తట్టుకుంటే చాలదు, ఒంటికి హితవుగా కూడా ఉండాలి. ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. ప్రింటు ఉన్న చోట గుడ్డ నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతలి వైపు పెట్టిన అరచేతికి గాలి తగిలిందా, సరే. తగల్లేదంటే చెమట కూడా బయటికి పోదన్నమాట. గుండెల నిండా అంత పెద్ద ముద్దబొమ్మ వేయించుకుని 42 డిగ్రీల ఎండలో పరిగెత్తమంటే ఛాతీకి ప్లాస్టరు వేసి పరిగెత్తమన్నట్టే. పెద్ద బొమ్మలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు, దాచుకోవడం ఎందుకు! గుడ్డ సంగతీ అంతే. జెర్సీ పాలిస్టరులో గాలాడే వల రకం మంచిదే, చెమట త్వరగా ఆరుతుంది. కానీ చవక రకం మన పిల్లలకి చిటచిటలాడుతుంది. బళ్లో వేసుకున్నదే ఇంట్లోనూ వేసుకుని, అదే పడుకునేటప్పుడూ వేసుకునే పిల్లలు మనవాళ్లు. వాళ్లకి కాటనే హాయి.

కాటన్ అన్నాక బరువు అడగండి. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో దాన్ని జీఎస్ఎమ్ అంటారు. ప్రకటనల కోసం పంచిపెట్టే చొక్కాలు చాలావరకు పలచనివి. 180 ఉంటే మన అవసరానికి చక్కగా సరిపోతుంది. తిరుప్పూరు నుంచి వచ్చే సాదా చొక్కాల్లో ఇది సులువుగా దొరుకుతుంది. కాటన్ మొదటి ఉతుక్కి కాస్త ముడుచుకుంటుంది, ఎదిగే పిల్లలకి ఒక సైజు పెద్దదే తీసుకోండి. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసే మా పిన్నికూతురు ఒక మంచి మాట చెప్పింది. ఎంత తొందరున్నా అదే సరుకులోంచి ఒకటి ఉతికి చూడకుండా మిగతావాటి మీద చెయ్యి వేయొద్దని.

ఇప్పుడు డబ్బుల లెక్క. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క స్క్రీను కట్టాలి. చట్రానికి సన్నటి జాలీ గుడ్డ బిగించి, మందు పూసి, వెలుతురు చూపించి బొమ్మ దింపుతారు. స్క్రీనుకి 480 రూపాయలనుకోండి. ఇరవై నాలుగు చొక్కాలకి పంచితే తలా ఇరవై పడుతుంది. నాలుగే చొక్కాలైతే తలా 120! అదే మాస్టారి నాలుగు రంగుల బొమ్మకైతే ఇరవై నాలుగు చొక్కాల మీద కూడా తలా 80. అందుకే మందికి ఒకే బొమ్మ, ఒకే రంగు కావాలంటే స్క్రీనుని మించింది లేదు. ఒకటీ అరా కావాలంటే దాని జోలికి పోకండి.

మాస్టారు సూర్యుణ్ణి వదులుకోవడానికి కాసేపు బాధపడ్డారు గానీ, పరిగెత్తే అమ్మాయిని ఉంచేశాం. మెరూన్ రంగు కాటన్ చొక్కా, ఎడమవైపు గుండె మీద చిన్నగా ఆ బొమ్మ, కింద స్కూలు పేరు, అన్నీ తెలుపు ఒక్కటే. ఎర్రమట్టి మరకలు మెరూన్ లో కలిసిపోతాయని రంగు ఎంచింది తల్లులే. నంబర్లకి వినైల్ వద్దనుకున్నాం కదా, మరెలా? ప్రింటింగ్ అబ్బాయే ఉపాయం చెప్పాడు. పెళ్లికార్డులు, సంచులు అచ్చేసే కుర్రాడతను. ఒక్కో అంకెకి ఒక్కో స్క్రీను చేసి పెట్టుకుంటే ఏ జట్టుకైనా పనికొస్తాయి, వాటి ఖర్చు నాదే అన్నాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది చేయాలి కదా, తొమ్మిదే చేశాడు. ఎందుకో చెప్పుకోండి చూద్దాం! ఆరుని తిరగేస్తే తొమ్మిది.

ఒక్క విషయంలో మాత్రం అతనితో పేచీ పెట్టుకున్నాను. అచ్చు వేసి ఎండలో ఆరేసి "అయిపోయింది మేడం, తీసుకెళ్లండి" అన్నాడు. అనంతపురం ఎండ ఎంత మండినా పిగ్మెంట్ రంగు గుడ్డని పట్టుకోవడానికి చాలదండీ. దానికి 150 డిగ్రీల దాకా వేడి కావాలి, అదీ కొన్ని నిమిషాల పాటు. ఆ వేడి తగలకపోతే రంగు ఆరినట్టే కనబడి మొదటి ఉతుక్కే నీళ్లలో కలుస్తుంది. ప్లాస్టిసాల్ అయితే మరీనూ. అది 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది, లేకపోతే లాగితే పగులుతుంది. అతని దగ్గర వేడి ప్రెస్సు ఉంది, కరెంటు ఖర్చని వెనకాడాడు. నిలబడి ఇరవై నాలుగూ ప్రెస్సు చేయించాను. మీకు ఆ వీలు లేకపోతే ఖాదీ, పిగ్మెంట్ ప్రింట్లని ఒకరోజు ఆరనిచ్చి, పైన పాత నూలు గుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టెని కాటన్ గుర్తు మీద పెట్టి, మాడకుండా జరుపుతూ ముందూ వెనకా నాలుగేసి నిమిషాలు చేయండి. రబ్బరు, వినైల్, డీటీఎఫ్ మీద మాత్రం ఇస్త్రీపెట్టె నేరుగా తగలనివ్వకండి, కరిగి అంటుకుపోతుంది! ఏ ప్రింటైనా రెండు రోజులు నీళ్లు చూపించకండి. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి, తిరగేసే ఆరేయండి. తీసుకునే ముందు తెల్లగుడ్డ తడిపి బొమ్మ మీద గట్టిగా రుద్ది చూడండి, గుడ్డకి రంగు అంటితే అక్కడికక్కడే వెనక్కివ్వండి. మొహమాటం వద్దు.

అసలైన తగాదా పేర్ల దగ్గర వచ్చింది. పిల్లలందరికీ వీపు మీద తమ పేరు ఉండాలని కోరిక. టీవీలో ఆటగాళ్లకి ఉంటుంది కదా! తల్లులు ససేమిరా అన్నారు. డబ్బులకి కాదండీ. "ఇది పొట్టయితే దీని చెల్లెలు యాసుకోవల్ల. చెల్లెలి ఈపు మీద అక్క పేరేంది? అది కూడా పొట్టయితే నేను చేనికి పోయేటప్పుడు చీర మీద యాసుకుంటా" అంది ఒకామె. ఎంత సత్యం చూడండి! మన చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల ఒంటి మీద మొగుడి చొక్కాయో, కొడుకు టీ షర్టో లేకుండా చూశామా? ఆ తర్వాత అదే మసిగుడ్డ అవుతుంది. చొక్కాకి నాలుగు జన్మలున్నప్పుడు ఒక్కరి పేరు ఎలా వేస్తాం? కానీ కబడ్డీ ఆడే ఒక పిల్ల కళ్లు నిండిపోయాయి. ఇంట్లో అన్నీ అక్క విడిచినవే కట్టుకున్న పిల్లట. మొట్టమొదటిసారి కొత్తది దొరికితే పేరు కూడా వద్దంటున్నారే అని.

దారం ఉండగా దిగులెందుకు! చొక్కా కింద అంచు లోపలివైపు, బయటికి కనబడకుండా చిన్న అక్షరాల్లో గొలుసు కుట్టుతో పేరు కుట్టించాను. బనీను గుడ్డ సాగుతుంది, కాడకుట్టు వేస్తే పటుక్కున తెగుతుంది, గొలుసు కుట్టు దానితో పాటు సాగుతుంది. అడుగున పాత నూలు గుడ్డ ముక్క పెట్టుకుంటే ముడతలు రావు. రెండు పోగులు చాలు. అక్షరం అరంగుళం మించనివ్వకండి. పిల్లలకి ఒక మధ్యాహ్నంలో నేర్పాను, ఎవరి పేరు వాళ్లే కుట్టుకున్నారు. ఒత్తులు కుట్టడానికి నానా తంటాలు పడ్డారనుకోండి!

ఆ కబడ్డీ పిల్ల తన పేరు అంచు మధ్యలో గీసుకుని సూది గుచ్చబోతుంటే వాళ్లమ్మ వంగి చూసింది. "కొంచెం ఈ పక్కకి జరిపి కుట్టు మే" అంది. "మీ చెల్లెలి పేరుకి తావుండల్ల కదా."